కృష్ణ దాటితే ఆటో యాప్‌ల తీరే వేరు: మా బెజవాడ, గుంటూరు ప్రయాణం

36 రూపాయల కోసం ఇంత రాయాలా అని మా అక్క అడుగుతోంది. రాయాలి. ఎక్కని ఆటోకు నా చేత డబ్బు కట్టించారు. ఇదేమి న్యాయమని అడిగితే, ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మనిషి కూడా కాని దానితో జవాబు చెప్పించారు. ఫోనులో యాప్ ఉంది కదా అన్న ధీమాతో సొంత కారు ఇంట్లో వదిలి విజయవాడ బయల్దేరేవాళ్లు, అందులోనూ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు, ఈ సంగతులు ముందే తెలుసుకుంటే మంచిది.

విశాఖ నుంచి రైల్లో వెళ్లాం. అమ్మ, అక్క, బావగారు, నేను. అమ్మకు డెబ్బై దాటాయి, పది అడుగులు వేస్తే కూర్చోవడానికి అరుగు వెతుక్కుంటుంది. బావగారికి యాప్‌లంటే గిట్టదు. ధర ఎంతో యాప్ ముందే చెప్పేస్తే ఇక బేరం ఏముంటుందని ఆయన బాధ. నా ఫోనులో మాత్రం మూడు యాప్‌లున్నాయి. వాటి పేర్లు రాయను, ఈ ప్రయాణంలో ఒకదాన్ని మించింది మరొకటి. గాంధీనగర్‌లో లాడ్జి, ఏసీ గది రోజుకు 1,700 రూపాయలు. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

రైలు దిగగానే మొదటి పాఠం. విజయవాడ స్టేషనుకు రెండు వైపులా దారులున్నాయి. మేమున్నది గాంధీనగర్ వైపు, యాప్ తనంతట తానుగా పిన్ వేసింది వన్‌టౌన్ వైపు. డ్రైవరు అక్కడ నిలబడి ‘రండి మేడమ్’ అంటాడు, మేము ఇక్కడ నిలబడి ‘మీరే రండి’ అంటాం. మధ్యలో పట్టాలు. కాబట్టి ఫోను తీసే ముందు స్టేషను బయటికి వచ్చి, కనిపించే హోటలు బోర్డునో దుకాణాన్నో గురుతు పెట్టుకుని బుక్ చేయండి.

నలుగురుగా తిరిగేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆటోకు ముగ్గురే లెక్క. నాలుగో మనిషిని చూడగానే డ్రైవరు ముఖం మారుతుంది, ‘ఇంకో ముప్పై ఇవ్వండి’ అంటాడు. కారు బుక్ చేస్తే ఆ గొడవ లేదు, కానీ ధర రెట్టింపు దాటుతుంది. నేను ముప్పైకే మొగ్గాను.

ఊళ్లో తిరిగినంతసేపు యాప్‌ల మీద నాకే ఫిర్యాదూ లేదు. లాడ్జి నుంచి ఇంద్రకీలాద్రి కిందికి 74 రూపాయలు. అక్కడ దిగి మల్లికార్జున మహామండపంలో లిఫ్టు ఎక్కితే అమ్మకు మెట్ల బాధ తప్పింది. పెద్దవాళ్లతో వెళ్తే ఘాట్ రోడ్డు ఆలోచన మాని ఈ దారి పట్టండి. బీసెంట్ రోడ్డుకు నేనొక్కదాన్నే బైక్ ట్యాక్సీ మీద వెళ్లాను, 38 రూపాయలు. రోడ్డు మొదట్లోనే దిగిపోవాలి, లోపల తోపుడు బండ్ల మధ్య మనిషి నడవడమే కష్టం. బాబాయ్ హోటల్‌కు లాడ్జి నుంచి నడిచే వెళ్లాం. 1942 నుంచి ఉన్న హోటలు అది. ఇడ్లీ మీద వెన్న కరిగిపోయేలోగా అమ్మ రెండోది అడిగింది. ఇంట్లో ఒక్క ఇడ్లీ తినమంటే ఆకలి లేదంటుంది.

ఒక మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బావగారు తన విద్య చూపించారు. ఆటో ఆయన 200 అన్నాడు. బావగారు వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేశారు, మళ్లీ వెనక్కి వచ్చారు, గడ్డం గోక్కున్నారు, చివరికి 150కి ఒప్పించి విజయగర్వంతో మావైపు చూశారు. అప్పుడు నా ఫోనులో అదే దూరానికి 92 కనిపిస్తోంది. నేను నోరు మెదపలేదు. అక్క మాత్రం ఊరుకోలేదు.

ఆ మర్నాటి సాయంత్రం ఆ 92కు బదులు తీరిపోయింది.

ఉండవల్లి గుహలకు వెళ్లడం సుఖంగానే జరిగింది. యాప్‌లో 162 రూపాయలు, నాలుగో మనిషికి ముప్పై. ప్రకాశం బ్యారేజీ మీదుగా గాలి తగులుతూ వెళ్లాం. టికెట్టు మనిషికి 25. నాలుగు అంతస్తుల గుహాలయం అది. పైన రాతిలో తొలిచిన అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. అమ్మ నన్నూ అక్కనూ చెరోవైపు పట్టుకుని, ప్రతి మెట్టుకూ ఒక ‘అమ్మా’ అంటూ ఎక్కింది. స్వామి పాదాల దగ్గర చాలాసేపు నిలబడింది. దిగేసరికి కాళ్లు వణుకుతున్నాయి. గేటు బయట జామకాయల బుట్ట పెట్టుకున్న ఆవిడ అమ్మను చూసి తన పీట జరిపింది.

నేను ఆటో బుక్ చేశాను. 174 రూపాయలు చూపించింది. ఒకాయన ఒప్పుకున్నాడు, వెంటనే ఫోను.

“ఎక్కడున్నారు మేడమ్?”

“ఉండవల్లి గుహల దగ్గర.”

“ఎంత చూపిస్తోంది?”

“174.”

“మూడొందలు ఇస్తే వస్తాను. లేకపోతే మీరే క్యాన్సిల్ చేసుకోండి.”

తను రద్దు చేయడు, నేనే చేయాలట. చేశాను. రెండో ఆయన ఫోను చేయలేదు, కదలనూ లేదు. మ్యాపులో ఆయన ఆటో బొమ్మ నది అవతల ఒకేచోట నిలబడి ఉంది. ఎనిమిది నిమిషాలన్నది పన్నెండయింది, పన్నెండు పదిహేనయింది. మనంతట మనమే విసిగి వదిలేసేదాకా అలా కూర్చునే ఎత్తు అది. ఈలోగా కారు కోసం రెండో యాప్ చూస్తే 412 అంది, ఆ తర్వాత ‘దగ్గరలో కార్లు లేవు’ అంది.

మూడో ఆయన ఘనుడు. ఒప్పుకున్న కాసేపటికే ‘మీ డ్రైవరు చేరుకున్నారు’ అని సందేశం వచ్చింది. రోడ్డు మీద ఒక కుక్క, మేము తప్ప ఎవరూ లేరు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఎదురుచూసే సమయం అంటూ తెర మీద అంకెలు తిరగడం మొదలైంది. అవి ఆగేసరికి ‘ప్రయాణికులు రాలేదు’ అని బుకింగు పోయింది, నా ఖాతాలో 36 రూపాయలు బాకీ పడింది. తర్వాతి ప్రయాణంలో అది కలిపి వసూలు చేస్తారట. అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టాను. మేము నిలుచున్న చోటు మ్యాపులో కనిపిస్తోంది, ఆయనున్న చోటూ కనిపిస్తోంది. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: పరిశీలించాం, రుసుము సరైనదే. ఏం పరిశీలించారో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతసేపూ బావగారు చేతులు వెనక్కి కట్టుకుని కొండను చూస్తూ నిలబడ్డారు. ‘నేను చెప్పలేదా’ అన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు కానీ, ఆ వీపులో కనిపించింది. అక్క ఇద్దరి మీదా కోపంగా ఉంది, నా మీద యాప్ నమ్మినందుకు, ఆయన మీద ఏమీ చేయనందుకు. అమ్మ ఒక్కతే హాయిగా ఉంది, ఉప్పూకారం అద్దిన జామకాయ తింటూ.

“వాళ్లు రారమ్మా,” అంది జామకాయల ఆవిడ. “దింపడానికి వస్తారు, తీసుకెళ్లడానికి రారు. వచ్చిన ఆటోనే ఉండమనాలి. మీరు సెంటర్‌దాకా నడవగలిగితే షేర్ ఆటోలు దొరుకుతాయి.” అమ్మ కాళ్లవైపు చూసి తనే తల అడ్డంగా ఊపింది, ఎవరికో ఫోను చేసింది. పది నిమిషాల్లో వాళ్ల బంధువుల కుర్రాడు ఆటోతో వచ్చాడు. 200 రూపాయలు, నలుగురికీ కలిపి. నాలుగో మనిషి మాటే ఎత్తలేదు. మేము కొన్న కిలో జామకాయలకు 60 తీసుకుంది, ఫోను చేసినందుకు ఇంకో యాభై ఇవ్వబోతే చేయి వెనక్కి లాక్కుంది.

దారిలో ఆ కుర్రాడే కథంతా విప్పాడు. పెద్ద యాప్‌లు 2025 నాటికి ఆటోల దగ్గర ప్రతి ప్రయాణం మీద కమీషను తీసుకోవడం మానేసి, వాడుకున్నందుకు రుసుము కట్టించుకునే పద్ధతికి మారాయి. డబ్బు నేరుగా డ్రైవరు చేతికే వస్తుంది. కాబట్టి తెర మీది ధర ఒక సలహాలాంటిదే, దానికి కట్టుబడి తీరాలని పట్టుబట్టేవాళ్లు లేరు. పైగా విజయవాడ నుంచి గుహల దాకా ఖాళీగా రావడానికి అయ్యే గ్యాసు ఎవరిస్తారు? 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఖాళీగా వచ్చే దూరానికి ప్రయాణికుడి దగ్గర వసూలు చేయకూడదు. మూడు కిలోమీటర్ల లోపు ప్రయాణాలకే మినహాయింపు. సరైన కారణం లేకుండా బుకింగ్ రద్దు చేస్తే డ్రైవరుకైనా ప్రయాణికుడికైనా ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా జరిమానా అని కూడా అందులోనే ఉంది. వాటిని అమల్లో పెట్టవలసింది రాష్ట్రాలు. రద్దు చేసినవాళ్ల మీదే జరిమానా పడుతుంది కాబట్టే ‘మీరే క్యాన్సిల్ చేసుకోండి’ అన్న మాట అంత మర్యాదగా వినిపిస్తుంది. మొదటి డ్రైవరు మూడొందలు అడగడంలో తప్పు లేదని ఇప్పుడు నాకనిపిస్తోంది. ఆయన ముఖాన చెప్పాడు. మూడో ఆయన్ను, ఆయన్ను వెనకేసుకొచ్చిన యాప్‌ను మాత్రం క్షమించను.

బ్యారేజీ మీద కుర్రాడు ఆటో వేగం తగ్గించాడు. 1957లో కట్టిన బ్యారేజీ, 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్న వైపు చూపించి, ఆ రాత్రి వాళ్ల వీధిలో ఎవరూ పడుకోలేదన్నాడు. అమ్మ కిటికీ లేని వైపు నుంచి వంగి నీళ్లకు దండం పెట్టింది. బావగారు 200 తనే ఇచ్చి, కుర్రాడి నంబరు రాసుకున్నారు.

ఇక నుంచి నది దాటే పని ఉంటే రెండే దారులు. వెళ్లిన ఆటోనే ఆపుకోవాలి, ఆగినందుకు గంటకు వంద ఇస్తానంటే ఎవరూ కాదనరు. లేదా కారును గంటల లెక్కన తీసుకోవాలి. మంగళగిరికి మేము అదే చేశాం. నాలుగు గంటలు, 40 కిలోమీటర్లు, 1,149 రూపాయలు, యాప్‌లోనే. పానకాల స్వామి దర్శనం, అక్క చీరల బేరం, మళ్లీ లాడ్జి, ఎక్కడా మాట తేడా రాలేదు. అక్క చీరల దుకాణంలో కూర్చున్న గంటంబావు కూడా ఆ నాలుగు గంటల్లోనే సరిపోయింది.

గుంటూరుకు మాత్రం బస్సే. ఆడవాళ్లకు స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ జీరో టికెట్టు ఇస్తారు. నాన్‌స్టాప్‌కు వర్తించదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి. మా ముగ్గురికీ సున్నా, బావగారొక్కరికే టికెట్టు. కండక్టరుతో బేరానికి వీల్లేదు కదా, ఆయన దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

గుంటూరులో మా పిన్ని ఉండేది బ్రాడీపేటలో. అక్కడి చిరునామాలు అంకెల్లో ఉంటాయి, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, ఇలా. పిన్ వీధి మధ్యలో ఎక్కడో పడింది. డ్రైవరు ఫోను వైపు చూడనే లేదు. “ఎన్నో లైనమ్మా, ఎన్నో అడ్డరోడ్డు?” అని అడిగి, గేటు ముందు దింపాడు. ఫోనుకన్నా ఆయనే నయం. 80 రూపాయలు. అయితే అమరావతి వెళ్లాలనుకుంటే గుంటూరు నుంచి 30 కిలోమీటర్ల పైమాటే. అక్కడి నుంచి తిరిగి రావడానికి యాప్‌ను నమ్ముకోవద్దు, ఉండవల్లి కథే మళ్లీ జరుగుతుంది. పిన్ని పెట్టిన గోంగూర పచ్చడి తిని బావగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, మళ్లీ వడ్డించుకున్నారు.

తిరుగు ప్రయాణం ఉదయం రత్నాచల్‌లో. బండి 6.15కు. ముందు రాత్రే యాప్‌లో ఆటోకు సమయం చెప్పి బుక్ చేశాను, 61 రూపాయలు. తెల్లవారుజామున 5.20 దాకా డ్రైవరు పేరు రాలేదు. ఈ యాప్‌ల మీద నమ్మకం లేక బావగారు రాత్రే లాడ్జి వాచ్‌మన్‌తో ఇంకో ఆటో మాట్లాడించారు, 100 రూపాయలకు. 5.25కు రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. ఎవరినీ పొమ్మనలేక, అమ్మా అక్కా పెట్టెలతో బావగారి ఆటోలో, నేనూ బావగారూ నా ఆటోలో ఎక్కాం. ఆ గంటలో రోడ్లు ఖాళీగా ఉన్నాయి, రెండూ కలిసే చేరాయి. నేను 61కి 70 ఇచ్చాను. చిల్లర లేదన్నాడు.