నడుము నొప్పికి టెన్స్ మెషీన్: డబ్బా మీద రాయని సంగతులు

ముందే తేల్చి చెప్పేస్తాను. రెండు వైర్లు, నాలుగు ప్యాడ్లతో వచ్చే ఈ టెన్స్ మెషీన్ నడుము నొప్పిని నయం చేయదు. కానీ ఆన్‌లో ఉన్నంతసేపూ, తీసేశాక ఇంకొంతసేపూ నొప్పి నిజంగానే తగ్గుతుంది. ఆ వ్యవధిలో లేచి నాలుగడుగులు వేస్తే, వ్యాయామం చేస్తే, వాయిదా వేస్తూ వచ్చిన పని ముగించుకుంటే పెట్టిన డబ్బు గిట్టుబాటైనట్టే. మంచం మీద పెట్టుకుని, టైమర్ ఆగిపోయాక అలాగే పడుకుని ఉండేవాళ్లకు మాత్రం నేను కొనమని చెప్పను. నాది చాన్నాళ్ల నడుము నొప్పి, కూర్చుని లేచేటప్పుడు ఎడమవైపు పట్టేసి తుంటి దాకా గుంజుతుంది, స్కాన్‌లో ఆపరేషన్ చేయాల్సినంత ఏమీ లేదన్నారు. ఇలాంటి నొప్పితో నెట్టుకొస్తున్నవాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. చర్మానికి అతికించిన ప్యాడ్ల గుండా తక్కువ మోతాదు కరెంటును చిన్న చిన్న పల్స్‌లుగా పంపుతుంది, మనకు అక్కడ చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే గట్టిగా రుద్దుకుంటాం కదా, కాస్త హాయిగా ఉంటుంది, ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం దీనికి ఆధారం. స్పర్శను మోసే మందపాటి నరాల తంతువులు చురుగ్గా ఉంటే, నొప్పిని మోసే సన్నటి తంతువుల సంకేతాలు మెదడు దాకా పోకుండా వెన్నుపాములోనే అణిగిపోతాయని వాళ్లు చెప్పారు. ఆ వివరాల్లో కొన్ని తర్వాత సవరించాల్సి వచ్చినా, వెన్నుపాము వచ్చిన ప్రతి సంకేతాన్నీ ఉన్నదున్నట్టు పైకి పంపదన్న అసలు మాట మాత్రం నిలబడింది.

ఇంకా ఆసక్తికరమైనది 1967లో వాల్, విలియం స్వీట్ కలిసి చేసిన ప్రయోగం. తీవ్రమైన నొప్పితో ఉన్న 8 మందికి, నొప్పి ఉన్న చోటికి వెళ్లే నరాలకు సెకనుకు 100 సార్ల చొప్పున, ఒక్కోటి 0.1 మిల్లీసెకన్ల పల్స్‌లు ఇచ్చారు. నొప్పి ఉన్న చోట జివ్వుమనే దాకా వోల్టేజి పెంచుకుంటూ పోయారు. కరెంటు నడుస్తున్నంతసేపూ, అంతకుముందు తాకితేనే ఓర్చుకోలేని చోట నొక్కినా నొప్పి పుట్టలేదు. వాళ్లలో నరాల జబ్బున్న నలుగురికైతే 2 నిమిషాల కరెంటుకు అరగంటకు పైగా ఉపశమనం దొరికింది. నా మెషీన్‌లో మనమే సెట్ చేసుకునే మోడ్ ఒకటుంది, అందులో నేను రోజు మార్చి రోజు పెట్టుకునేది 100 హెర్ట్జ్ (సెకనుకు 100 పల్స్‌లు), 100 మైక్రోసెకన్లు (0.1 మిల్లీసెకన్లు). అంటే అచ్చంగా ఆనాటి సెట్టింగే.

ఇక ప్రోగ్రాముల సంగతి. తెర మీద నడుము, మోకాలు, భుజం, మెడ అని బొమ్మలు వేసి, ఒక్కోదానికీ ఒక్కో చికిత్స ఉన్నట్టు చూపిస్తారు. వాటి మధ్య తేడా అంతా పల్స్‌ల వేగంలోనూ వెడల్పులోనూ మాత్రమే. మోకాలి బొమ్మ ఉన్న ప్రోగ్రామును నడుముకు పెట్టుకున్నా నరానికి ఆ బొమ్మతో పనిలేదు. అసలు కావాల్సిన హెర్ట్జ్ అంకెలు మాత్రం ఈ ప్రోగ్రాముల దగ్గర ఎక్కడా వేయలేదు, ఇది నాకు చాలా కోపం తెప్పించిన విషయం. మసాజ్ అని ఇంకో మోడ్ ఉంది, అది కండరాన్ని పట్టి వదులుతూ ఉంటుంది. కొందరికి బాగుండొచ్చు, నా నడుముకైతే ఇంకా బిగుసుకున్నట్టనిపించి మానేశాను.

అన్నింటికన్నా ముఖ్యమైనది కరెంటు ఎంత పెంచాలన్నది. డబ్బాలో వచ్చిన కాగితంలో 'హాయిగా అనిపించేంత తక్కువలో ఉంచండి' అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పరిశోధన దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతోంది. ఆపరేషన్ అయినవాళ్లకు టెన్స్ పెట్టి నొప్పి మందుల వాడకం ఎంత తగ్గిందో చూసిన 21 ట్రయల్స్‌ను 2003లో ఒక బృందం కలిపి లెక్కగట్టింది. నొప్పి పుట్టించనంతలో గట్టిగా కరెంటు ఇచ్చామని స్పష్టంగా రాసిన ట్రయల్స్‌లో మందుల వాడకం ప్లసీబో (అసలైనదిలా కనిపించే ఉత్తుత్తి చికిత్స) కన్నా 35.5 శాతం తగ్గితే, ఆ స్పష్టత లేని ట్రయల్స్‌లో తగ్గింది 4.1 శాతమే. మెషీన్ అదే, పెట్టే తీరులోనే అంత తేడా. అందుకే గట్టిగా తెలుస్తూ ఉండాలి, ఓర్చుకోగలిగేలా ఉండాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. పైగా పది నిమిషాలయ్యేసరికి శరీరం అలవాటుపడి జివ్వుమనడం తగ్గిపోతుంది, అప్పుడు ఇంకో మెట్టు పెంచాలి. ఈ సంగతి కాగితంలో లేనేలేదు. చాలామంది "వారం వాడాను, ఏమీ తెలియలేదు" అని పక్కన పడేయడానికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

అలవాటుపడటం రోజుల మీద కూడా జరుగుతుంది. తక్కువ వేగం పల్స్‌లు, ఎక్కువ వేగం పల్స్‌లు శరీరంలో నొప్పిని అణిచే వేర్వేరు ఓపియాయిడ్ గ్రాహకాల ద్వారా పనిచేస్తాయని, రోజూ ఒకే సెట్టింగ్ పెడితే నాలుగైదు రోజుల్లోనే ప్రభావం తగ్గిపోతుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రెండు వేగాలనూ కలిపి వాడితే ఆ తగ్గడం ఆలస్యమైందట. అందుకే నేను ఒకరోజు 100 హెర్ట్జ్, మర్నాడు 4 హెర్ట్జ్ పెట్టుకుంటాను. 4 దగ్గర జివ్వుమనడం ఉండదు, టక్ టక్ మని కొడుతుంది, కండరం ఎగిరెగిరి పడుతుంది, మొదట్లో వింతగా ఉంటుంది.

మరి నొప్పి తగ్గిందో లేదో ఎలా తెలిసింది అంటే, సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోవడమే, డాక్టర్లు అడిగేదీ అదే. కాకపోతే కూర్చున్నప్పుడు ఒక అంకె, కుర్చీలోంచి లేచినప్పుడు ఒక అంకె విడివిడిగా రాసుకోవాలి, లేకపోతే ఈ మెషీన్ గురించి తప్పుడు తీర్పు ఇచ్చేస్తాం. నాకు కూర్చున్నప్పుడు మెషీన్ ఉన్నా లేకపోయినా మూడే. లేచేటప్పుడు మామూలుగా ఆరు, మెషీన్ నడుస్తుండగా నాలుగు. రెండు పాయింట్లేనా అనిపించవచ్చు గానీ, దీర్ఘకాలిక నొప్పి ట్రయల్స్ ఎన్నింటినో కలిపి 2001లో చేసిన విశ్లేషణ ప్రకారం సుమారు రెండు పాయింట్లు, లేదా 30 శాతం తగ్గితేనే రోగులు తమకు బాగా మెరుగైందని చెప్పారు. నా అనుభవమూ అదే, ఆరుకీ నాలుగుకీ మధ్య ఉన్న తేడా వల్లే నేను చెయ్యి ఆసరా లేకుండా లేవగలుగుతున్నాను. ఫిజియోథెరపిస్ట్ ఇచ్చిన రోలాండ్ మోరిస్ అనే 24 ప్రశ్నల కాగితం కూడా నింపుతూ వచ్చాను, మెట్లు ఎలా ఎక్కుతున్నారు, బట్టలు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోంది లాంటివి ఉంటాయి. మెషీన్ ఒక్కటే వాడినన్నాళ్లూ ఆ స్కోరు పెద్దగా కదల్లేదు. మెషీన్ పెట్టుకుని వ్యాయామం చేయడం మొదలెట్టాక మెల్లగా కదిలింది.

పెద్ద పరిశోధనల్లోనూ ఇలాంటి చిక్కే కనిపిస్తుంది. ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి టెన్స్ ఇవ్వొద్దని చెప్పింది. దీర్ఘకాలిక నొప్పి మీద ఉన్న ట్రయల్స్ నాణ్యత తక్కువగా ఉంది కాబట్టి గట్టిగా ఏదీ చెప్పలేమని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష 2019లో అంది. 2022లో 381 ట్రయల్స్‌ను కలిపి చూసిన ఇంకో సమీక్ష మాత్రం పెట్టుకున్నప్పుడూ, తీసిన వెంటనేనూ నొప్పి ప్లసీబో కన్నా తగ్గుతుందని తేల్చింది. ఇవి చదివి అయోమయపడక్కర్లేదు, ఒకరు వారాల తర్వాత ఏమైందని అడుగుతున్నారు, ఇంకొకరు ఆ గంటలో ఏమైందని అడుగుతున్నారు. 2020లో ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు వదలకుండా ఉండే జబ్బు) ఉన్న 301 మంది మహిళలతో చేసిన ట్రయల్ నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో పనులు చేసుకుంటూ పెట్టుకోమన్నారు, కదిలినప్పుడు ఎంత నొప్పి ఉందో అడిగారు. 4 వారాల తర్వాత ప్లసీబో కన్నా ఒక పాయింటు, ఏమీ పెట్టుకోనివాళ్ల కన్నా 1.8 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అద్భుతమేమీ కాదు, కానీ ఉత్తదీ కాదు. జివ్వుమంటోందో లేదో మనకే తెలిసిపోతుంది కాబట్టి, ఈ మెషీన్‌కు పూర్తిగా నమ్మదగిన ప్లసీబో తయారుచేయడం కష్టం, ఆ లోటు మాత్రం అన్ని ట్రయల్స్‌నూ పట్టి పీడిస్తూనే ఉంది.

డబ్బా మీద 'నొప్పిని మూలం నుంచి తొలగిస్తుంది' అని పెద్ద అక్షరాలతో వేశారు. అది అబద్ధం. నెలల తరబడి ఉండే నొప్పిలో చాలాసార్లు వెన్నుపాము, మెదడే సంకేతాలను పెంచి చూపించే స్థితికి వచ్చేస్తాయి, వెన్నుపాము విషయంలో దీన్ని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ప్రయోగాలు మొదటిసారి చూపించాయి. చర్మం మీద కాసేపు కరెంటు ఇచ్చినంత మాత్రాన ఆ స్థితి వెనక్కి మళ్లుతుందని చెప్పడానికి ఆధారం లేదు. నొప్పితో విసిగిపోయి ఏదైనా నమ్మడానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఇలాంటి మాట అమ్మడం చాలా అన్యాయం.

వస్తువుగా చూస్తే, వైర్లు గట్టివే, ఛార్జింగ్ చాలాసేపు వస్తుంది. కరెంటు మెట్లు మొదట్లో నెమ్మదిగా పెరుగుతాయి, ఎనిమిదో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టుకు మాత్రం ఒక్కసారిగా కొట్టినట్టు పెరుగుతుంది, అక్కడ జాగ్రత్త. బటన్లకు లాక్ లేదు, జేబులో పెట్టుకుని నడుస్తుంటే వంగినప్పుడు ప్లస్ నొక్కుకుపోతుంది, కదులుతూ వాడాల్సిన వస్తువుకు ఇది పెద్ద లోపం. ప్యాడ్లు చర్మం శుభ్రంగా తుడుచుకుని పెట్టుకుంటే ఎక్కువ రోజులు వస్తాయి, నూనె రాసుకున్న ఒంటి మీద పెడితే త్వరగా పాడవుతాయి. జిగురు తగ్గితే వేలి కొసతో ఒక నీటి చుక్క రాసి ఆరనిస్తే మళ్లీ కాస్త పడుతుంది. అంచు లేచిపోయిన ప్యాడ్ వాడకండి, మిగిలిన చిన్న భాగంలోంచే కరెంటంతా పోయి సూదులు గుచ్చినట్టు మంట పుడుతుంది.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా దీన్ని ముట్టుకోకూడదు. గొంతు ముందు భాగం మీద, పుండు మీద, స్పర్శ తెలియని చోట పెట్టకూడదు, గర్భిణులు పొట్ట మీద పెట్టకూడదు, మూర్ఛ వచ్చేవాళ్లు తల, మెడ దగ్గర వాడకూడదు, బండి నడిపేటప్పుడు ఎవరూ పెట్టుకోకూడదు. ఇవన్నీ కాగితంలో చివరి పేజీలో, చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉన్నాయి, ఆ కంపెనీకి మొదటి పేజీలో వేయమని రాశాను, ఇంకా జవాబు రాలేదు. నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా, తొడల మధ్య తిమ్మిరిగా ఉన్నా మెషీన్ జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.