రవివర్మ కాపీ కిట్లు కొనేవాళ్ళు కాస్త చూసుకోండి, నా డబ్బులు పోయాయి

ఫిగర్ పెయింటింగ్, అంటే మనుషుల బొమ్మలు వెయ్యడం, నేర్చుకోవాలంటే ముందు ఒక మంచి బొమ్మని కాపీ చెయ్యమని అందరూ చెప్తుంటే, చిన్నప్పట్నుంచీ క్యాలెండర్లలో చూసిన బొమ్మే కదా అని ఆన్‌లైన్‌లో రవివర్మ 'హంస దమయంతి' కిట్ 2,800 పెట్టి తెప్పించా. 16 బై 20 అంగుళాల కాన్వాస్, 12 ఆయిల్ రంగుల ట్యూబులు, బ్రష్షులు, రంగు పల్చన చేసే టర్పెంటైన్ సీసా, కాన్వాస్ సైజులోనే ఒక ప్రింట్.

అసలు మోసం ఆ ప్రింట్‌లోనే ఉంది. దాని మీద గళ్ళు గీసుకుని మూడు ఆదివారాలు కూర్చుని డ్రాయింగ్ దించాను, గళ్ళన్నీ కరెక్టే, అయినా దమయంతి మొహం వెడల్పుగా, నడుం లావుగా వస్తోంది, నా చెయ్యే బాలేదేమో అని చెరిపి మళ్ళీ గీశా. చివరికి తిరువనంతపురం శ్రీ చిత్రా గ్యాలరీలో ఉన్న 1899 నాటి ఒరిజినల్ ఫోటో వెతికి పక్కన పెడితే అర్థమైంది, అది ఇంకా సన్నగా నిలువుగా ఉండే బొమ్మ, వీళ్ళు కాన్వాస్ సైజుకి సరిపెట్టడానికి అడ్డంగా సాగదీసేశారు! కొలతలు కంటికి అలవాటు కావాలనే కదా కాపీ చేసేది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తప్పు కొలతలు ఇస్తే ఇంకేం నేర్చుకుంటారు. ఆర్డర్ పెట్టేముందు ఒరిజినల్ పొడవు వెడల్పు చూసి, కాన్వాస్ కూడా అదే లెక్కలో ఉందో లేదో చూసుకోండి.

ఇంకోటి ఆ టర్పెంటైన్. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) దాంతో పల్చగా కలిపి మొదటి పూత వేశా, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో ఆరిపోయే రంగది, పది రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. మూత తీసి వాసన చూస్తే కిరోసిన్ వాసన. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూశా, నూనె మరక గుండ్రంగా అలాగే ఉంది, మంచి టర్పెంటైన్ అయితే మరక మిగలకుండా ఎగిరిపోవాలి. అలాంటి పూత మీద ఒళ్ళు రంగులు ఎక్కిస్తే పైన ఆరి కింద ఆరక తర్వాత పగుళ్ళొస్తాయి.

వైట్ ట్యూబ్ కూడా చూడండి, టైటానియం వైట్ అయితే దాని మీద పీడబ్ల్యూ 6 (PW6) అని రంగు పదార్థం కోడ్ ఉండాలి, నాకొచ్చిన దాని మీద ఉత్త 'వైట్' అనే ఉంది.

రిటర్న్ అడిగితే సీల్ తీసేశారు కాబట్టి తీసుకోం అన్నారు. ఇలాంటి కిట్ ఎవరైనా ఆల్రెడీ ఆర్డర్ పెట్టుంటే ట్యూబులూ సీసా ముట్టుకోకండి, ముందు ప్రింట్ ఒక్కటీ బయటికి తీసి ఒరిజినల్‌తో పోల్చుకోండి.