అరవై రోజుల ప్లాను, ఒక్క రాత్రి ప్రయాణం

ప్రయాణాల విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. నేనూ మా ఆయనా విజయవాడ పార్టీ. రైలు రిజర్వేషన్ తెరిచే రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చునే రకం. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారు, అక్క (మా పెద్ద తోడికోడలు) ఇంకో పార్టీ. "ముందు బయల్దేరండి, తర్వాత చూద్దాం" రకం. ఏడాది తిరక్కుండా ఈ రెండు పద్ధతుల్లోనూ హైదరాబాద్ వైపు వెళ్లొచ్చాం. దసరా సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీకి తొమ్మిది మందిమి, అరవై రోజుల ముందు మొదలుపెట్టిన ప్లానుతో. ఫిబ్రవరిలో ఒక బుధవారం వండర్‌లా అనే రైడ్ల పార్కుకు ఐదుగురం, రాత్రి ఎనిమిదికి అనుకుని పదకొండున్నరకు బస్సెక్కి. ఏది బాగుంది అని చుట్టాలంతా అడుగుతున్నారు. ఎక్కడ డబ్బు పోయిందో, ఎక్కడ ప్రాణం హాయిగా ఉందో చెప్తాను, మీరే తేల్చుకోండి.

దసరా ప్లాను నాది. 2024 నవంబరు నుంచి రైలు టికెట్లు అరవై రోజుల ముందే ఇస్తున్నారు, అంతకుముందు నూట ఇరవై రోజులుండేది. సరిగ్గా ఆ రోజే, తెరిచిన నిమిషంలోనే శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో తొమ్మిది ఏసీ చెయిర్ కార్ సీట్లు కొట్టాను. పెద్ద విజయంలా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేళ్లు చూపించారు. రెండు వారాల తర్వాత బావగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఒక మాట అడగనా? ఫిల్మ్ సిటీ ఉన్నది మన హైవే మీదే కదా. సికింద్రాబాద్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దేనికి?" అన్నారు.

నిజమే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, విజయవాడ నుంచి వెళ్లేటప్పుడు హైదరాబాద్ ఇంకా రాకముందే వస్తుంది అది. రైల్లో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగి, ఊరంతా దాటి, మళ్లీ మన దారినే వెనక్కి రావాలి. చిన్నప్పటి నుంచి హైదరాబాద్ అంటే రైలే అన్న అలవాటు నాది, అరవై రోజుల ముందు కూర్చున్నా మ్యాపు మాత్రం చూడలేదు. టికెట్లు రద్దు చేస్తే చెయిర్ కార్‌కి మనిషికి 180 రూపాయలు కోత, తొమ్మిది మందికి 1,620, పైన జీఎస్టీ. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

సరే, రెండు కార్లు. పొద్దున్న ఆరింటికి పటమటలో బయలుదేరితే పదిన్నరకల్లా లోపల ఉండాలని లెక్క. అప్పుడు మా అత్తయ్య కారెక్కుతూ, "ఇవాళ మూలా నక్షత్రం కదే, కొండ కింద నుంచి ఎలా పోనిస్తారు?" అన్నారు. విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని, మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటారనీ, ఆ రోజు ఇంద్రకీలాద్రి మీద ఇసకేస్తే రాలనంత జనం ఉంటారనీ, ట్రాఫిక్ అంతా మళ్లిస్తారనీ నాకు తెలీదా! హోటల్ చూశాను, వాతావరణం చూశాను, పంచాంగం చూడలేదు. సందుల్లో తిరిగి గొల్లపూడి చేరేసరికే గంటన్నర.

సూర్యాపేట దాటాక చెట్టు కింద ఆపి పులిహోర తిన్నాం. పేపరు ప్లేట్లు వెనక కార్లో ఉండిపోయాయి. నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చిన టైమ్‌టేబుల్ షీటు అక్క చేతికి దొరికింది. దాని మీదే మా బుడ్డోడికి (బావగారి చిన్నవాడికి) పులిహోర పెట్టేసింది. "11:15, స్టంట్ షో" అన్న గడి మీద ఎండుమిర్చి, కరివేపాకు. నూనెకి అక్షరాలు అలుక్కుపోతుంటే నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది.

ఇక ఫిల్మ్ సిటీ సంగతి. 1996లో మొదలైంది, ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ రికార్డు ఉంది, 1,666 ఎకరాలు. ఈ అంకె అందరూ చెప్పేదే. వయసు మీదపడ్డవాళ్లతో వెళ్తే ఆ అంకె మోకాళ్లకి తెలుస్తుంది. లోపల తిప్పడానికి బస్సులున్నాయి, అయినా ఎక్కడం, దిగడం, మెట్లు, ఎండ తప్పవు. అందుకే ప్లానులో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని గురించి గట్టిగా చెప్తాను: లోపలి హోటల్లోనే గదులు తీసుకోవడం. సితార ఖరీదైనది, తార ఒక మెట్టు దిగువ, శాంతినికేతన్ ఇంకా పొదుపు, పెద్ద గుంపులైతే సహారాలో డార్మిటరీ. మేం తారలో మూడు గదులు, పార్కు ఎంట్రీ కలిసొచ్చే ప్యాకేజీలో తీసుకున్నాం. మధ్యాహ్నం అత్తయ్య గదికెళ్లి రెండు గంటలు పడుకుని, మొహం కడుక్కుని, సాయంత్రానికి మళ్లీ చీర మార్చుకుని వచ్చారు. బయట హోటల్లో దిగి ఉంటే ఆవిడ ఆ రెండు గంటలూ ఏ బెంచీ మీదో కూర్చుని మా బ్యాగులకు కాపలా కాసేవారు. పండగ సెలవుల్లో ఆ గదులు అప్పటికప్పుడు దొరికేవి కావు. ఇక్కడ మాత్రం ముందుచూపుకి పూర్తి మార్కులు.

నిమిషాల లెక్కకి మాత్రం సున్నా. బుడ్డోడు ఫండుస్తాన్‌లోంచి బయటికి రానన్నాడు. పిల్లల ఆటల చోటు అది, వాడికి అక్కడే స్వర్గం. నేను గడియారం చూసుకుంటూ "స్టంట్ షో అయిపోతుంది" అని గోల పెడుతుంటే, మా అక్క అక్కడే చతికిలబడి, "వాడి కోసమే కదే వచ్చింది?" అంది. చివరికి ఆ వైల్డ్ వెస్ట్ స్టంట్ షో సాయంత్రం చూశాం, బాహుబలి సెట్ దగ్గర ఫొటోలకి వెలుతురు అప్పుడే బాగుంది కూడా. పక్షుల పార్కు వదిలేశాం. ఎవరికీ గుర్తు రాలేదు, నాకు తప్ప.

రెండో రాత్రికి ఎల్బీ నగర్‌లో ఇంకో హోటల్, మర్నాడు చార్మినార్ చూపిద్దామని. ఒక యాప్‌లో గదికి 400 తక్కువకి వస్తోందని రిఫండ్ లేని రేటుకి డబ్బంతా ముందే కట్టేశాను. ఆ సాయంత్రం మా చిన్నదానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఇంటికెళ్లిపోదాం అనుకున్నాం. హోటల్‌వాళ్లని అడిగితే యాప్‌తో మాట్లాడుకోండి అన్నారు, యాప్‌వాళ్లు హోటల్ ఒప్పుకుంటే ఇస్తాం అన్నారు. మూడు గదుల్లో మిగుల్చుకున్నది 1,200, పోగొట్టుకున్నది మొత్తం. పోనీ ఇల్లు త్వరగా చేరామా? పంతంగి టోల్ దగ్గర హైదరాబాద్ సగం మాతోపాటే ఊళ్లకి పండక్కి బయల్దేరింది. పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, ముందు కారు బ్రేకు లైట్లు చూస్తూ కూర్చున్నాను.

అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఇదంతా చెప్పుకుంటే నవ్వింది. వాళ్లు డాలస్ నుంచి ఆర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్లారు. అక్కడ భోజనానికి టేబుల్ కూడా అరవై రోజుల ముందు పట్టుకోవాలట. రైడ్లలో పెద్ద క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ పాస్, డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లకి వారం ముందు, బయట దిగేవాళ్లకి మూడు రోజుల ముందు తెరుస్తారు. ఫ్లోరిడాలో ఉదయం ఏడు అంటే డాలస్‌లో ఆరు. అలారం పెట్టుకుని లేచి కూర్చుందట. మా అమ్మ విని, "తిరుపతి టికెట్లలాగే అన్నమాట" అంది. సరిగ్గా చెప్పింది. మూడు నెలల ముందు 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పది గంటలకి ఇంట్లో మూడు ఫోన్లు పెట్టుకుని కూర్చునే మనకి ఎవరైనా కొత్తగా ముందుచూపు నేర్పాలా? కాకపోతే తిరుపతిలో ఒకటే దర్శనం. పార్కులో గంటకొక దర్శనం, అన్నిటికీ టైము పెట్టుకుంటే పిల్లలు మొక్కుబడికి తిరిగినట్టు తిరుగుతారు.

ఇక రెండోది. మంగళవారం రాత్రి స్కూల్ వార్షికోత్సవం, మర్నాడు సెలవు. మా ఆయనకి ఎలాగూ హైదరాబాద్‌లో పని. అదే రాత్రి ఎనిమిదికి గుంటూరు నుంచి బావగారి అమ్మాయి ఫోన్, "పిన్నీ, నాకూ రేపు కాలేజీ లేదు, వండర్‌లాకి పోదామా?" అని. తనకి వాళ్ల బాబాయి పోలికా, నాన్న పోలికా అని ఆలోచించక్కర్లేదు, అచ్చం నాన్నే. తత్కాల్ టైము ఎప్పుడో దాటిపోయింది. బస్సు యాప్‌లో చూస్తే వారం మధ్య కాబట్టి స్లీపర్లు ఖాళీగానే ఉన్నాయి. తను గుంటూరు నుంచి బస్సులో వచ్చేసింది, బెంజ్ సర్కిల్ దగ్గర అందరం ఎక్కాం. పెళ్లైన కొత్తలో సాయంత్రం అనుకుని బండి మీద చినకాకాని హాయ్‌ల్యాండ్ పార్కుకి వెళ్లిపోయిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ఇద్దరం, చేతిలో ఒక హ్యాండ్‌బ్యాగ్, అంతే.

తెల్లవారుజామున అయిదుకి ఎల్బీ నగర్‌లో దిగాం. పార్కు తెరవడానికి ఇంకా గంటల టైముంది. ఆ వేళ చలిలో పిల్లలతో రోడ్డు మీద నిలబడితే ఏ లాడ్జి కనబడితే అదే మహాప్రసాదం. నాలుగు గంటలకి 1,800 అన్నాడు. గీజరుంది, వేడినీళ్లు లేవు. దుప్పటి మీద ఎవరిదో సిగరెట్టు కాల్చిన చిల్లు. ముందు రోజే ఫోన్లో వేరే గది మాట్లాడుకుని ఉంటే అది తీసుకునేదాన్నే కాదు. అప్పటికప్పుడు ప్రయాణానికి అసలు ఖరీదు టికెట్ల దగ్గర కాదు, తెల్లవారుజామున కడతాం.

వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పదమూడో ఎగ్జిట్ దగ్గర ఉంది, 2016 నుంచి నడుస్తోంది. ఎల్బీ నగర్ నుంచి క్యాబ్‌లో వెళ్లాం. వెళ్లాక తెలిసింది ఏం మర్చిపోయామో. నీళ్ల ఆటలకి నైలాన్ లాంటి బట్టలే వేసుకోవాలి, కాటన్, జీన్స్ కుదరవు. ఇంట్లో అందరికీ స్విమ్మింగ్ బట్టలున్నాయి, బీరువాలో, మడతపెట్టి. అక్కడి షాపులో మళ్లీ కొన్నాం. మా ఆయనకి దొరికిన నిక్కరు మీద పెద్ద పెద్ద మందార పువ్వులు.

రెండో సంగతి ఎత్తు. అక్కడ టికెట్‌కి వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 140 సెంటీమీటర్ల లోపైతే పిల్లల టికెట్. మా చిన్నది గీత దగ్గర నిలబడింది. మడమలు లేస్తున్నాయి, జుట్టు పైకి ముడేసుకుంది ముందే. ఎత్తు కొలిచే అమ్మాయి నవ్వుతూ ముడి మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కింది. 138. టికెట్ తగ్గిందని నా మొహం వెలిగింది, దాని మొహం మాడిపోయింది. భయంకరమైన రైడ్లు చాలావాటికి అదే గీత. "అమ్మా, పెద్ద టికెట్ కొంటే ఎక్కనిస్తారా?" అని అడిగింది పాపం.

కానీ బుధవారం! క్యూలు కట్టడానికి వేసిన ఆ కడ్డీల మధ్య ఖాళీగా పరిగెత్తడమే ఒక ఆట అయింది. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ముందుకి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తిప్పుతుంది. దాన్ని బావగారి అమ్మాయి, మా పెద్దాడు వరసగా మూడుసార్లు ఎక్కారు, దిగడం మళ్లీ ఎక్కడం. క్యూ తప్పించే ఫాస్ట్ ట్రాక్ టికెట్ తీసుకుందామా అని గేటు దగ్గర నేను సణిగినదానికి మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. శని, ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో అయితే దానికి డబ్బు పెట్టడంలో అర్థముంది. చిన్నది మాత్రం అలల కొలనులో, రెయిన్ డాన్స్‌లో సాయంత్రం దాకా తడిసి, పెదాలు నీలంగా మారి, "ఇంకొక్కసారి" అంటూనే ఉంది. దసరాలో నేను అరవై రోజులు కష్టపడి తేలేని ఖాళీని వార్షికోత్సవం మర్నాటి సెలవు ఊరికే ఇచ్చింది.

ఇప్పుడు అత్తయ్య ఉంటే గది ముందే తీసుకుంటాను, పార్కు లోపలే. నాలుగు రూపాయలు ఎక్కువైనా రద్దు చేసుకునే రేటే తీసుకుంటాను. రైల్లో అయితే సీట్లు ముందే. పిల్లలూ మేమే అయితే వారం మధ్యలో ఏ సెలవు దొరికితే ఆ సెలవుకి బస్సు. నైలాన్ బట్టలు మాత్రం ఒక సంచిలో కట్టి తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉంచాను, ఎప్పుడు ఫోన్ మోగినా సిద్ధం.

మళ్లీ వండర్‌లాకి ఎప్పుడు అన్నది మాత్రం మా రెండు పార్టీల చేతుల్లోనూ లేదు. వంటింటి గుమ్మం మీద చిన్నది పెన్సిల్‌తో 140 దగ్గర అడ్డగీత గీసింది, పక్కన స్కూటర్ స్టిక్కరు అంటించింది. ప్రతి ఆదివారం తలంటు పోసుకుని, జుట్టు ఆరాక, ముడి లేకుండా నిలబడుతుంది. మా ఆయన స్కేలు నెత్తి మీద అడ్డంగా పెట్టి కొలుస్తారు. నిన్న కొలిచాం. ఇంకా అర సెంటీమీటరు.