శివారు జింకలు: విల్లంబుల వేటా, వేసెక్టమీయా?

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ (జిల్లా లాంటిది) తెల్లతోక జింకల మందను తగ్గించడానికి విల్లంబుల వేటను ఎంచుకుంది. చెట్టు మంచె మీదినుంచే బాణం వేయాలి. గురి తప్పినా అది నేలలోనే దిగుతుంది. దూరం 20–30 గజాలు మించకపోతే మేలు. దెబ్బతిన్న జింక పక్కింటి పెరట్లో పడొచ్చు, కాబట్టి ఇంటివాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. అసలు చిక్కు వేటగాళ్లకు మగజింకల కొమ్ముల మీదున్న మోజు. మగవాటినే కొడితే మంద తగ్గదు. ఆడజింకను కొట్టాకే మగదానికి అనుమతి అనే నిబంధన ఉండాల్సిందే.

న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో 2016లో మగజింకలకు వేసెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స) మొదలైంది. ప్రాణం తీయనక్కర్లేదు. కానీ ఒక్కోదానికీ మత్తు సూది, శస్త్రచికిత్స. ఖర్చు బాగా ఎక్కువ. తప్పించుకున్న కొద్ది మగజింకలే చాలా ఆడవాటితో జతకడతాయి. పైగా ఉన్నవి మొక్కలు మేస్తూనే ఉంటాయి. ద్వీపం కనుక అక్కడ కొంత నయం, అడవిని ఆనుకున్న శివారుకు వేటే సరి.