ఇల్లు బాగుంది, కుక్కల జాతి రూల్ తీసేయాలి: 5కి 2 స్టార్లు

హైదరాబాద్‌లో నల్లగండ్ల వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో రెండేళ్ళ నుంచి అద్దెకు ఉంటున్నాం. పేరు రాయను, ఇంకా అక్కడే ఉంటున్నాం కాబట్టి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఇల్లు వెతుక్కునేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు బాగున్నవి చెప్పేస్తా. మంజీరా నీళ్ళు వస్తాయి, ఎండాకాలంలో కూడా ట్యాంకర్ల గోల తక్కువ. కరెంట్ పోతే జనరేటర్ వెంటనే అందుకుంటుంది. సెక్యూరిటీ వాళ్ళు మర్యాదగా ఉంటారు, పిల్లలు ఆడుకోవడానికి చోటుంది. ఆ రెండు స్టార్లు వీటికే.

మిగతా మూడు ఎందుకు పోయాయంటే, మా బంగారి వల్ల. బంగారి ఏడేళ్ళ రాట్‌వీలర్ జాతి కుక్క, నలభై కిలోలు దాటి ఉంటుంది, వెనక కాళ్ళలో తుంటి నొప్పి, మెట్లు ఎక్కలేదు. అడ్వాన్స్ ఇవ్వకముందే దాన్ని అసోసియేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించాం, టీకాల పుస్తకం, జీహెచ్‌ఎంసీ లైసెన్స్ జిరాక్స్ ఇచ్చాం. "పెట్స్‌కి ఏం ప్రాబ్లం లేదు మేడమ్" అన్నారు. ఆ మాట నమ్మి వచ్చాం.

పోయిన దసరా అయ్యాక వేరే టవర్ లిఫ్ట్‌లో ఒక బాబును కుక్క పిక్క మీద కరిచింది. చాలా బాధాకరం, ఆ పిల్లాడు వరసగా ఇంజెక్షన్లు వేయించుకున్నాడు, ఇప్పటికీ లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే వెనక్కి జరుగుతాడు. కరిచింది చిన్న స్పిట్జ్. మెడకు బెల్టు ఉంది గానీ లీష్ (చేత్తో పట్టుకునే తాడు) లేదు, దాని యజమాని ఫోన్ మాట్లాడుతూ ముందు నడుస్తున్నారు. రెండు వారాల తర్వాత కమిటీ ఒక సర్క్యులర్ పంపింది: ఫలానా ఫలానా జాతుల కుక్కలు ప్రమాదకరం, 30 రోజుల్లో బయటికి పంపండి లేదా ఫ్లాట్ ఖాళీ చేయండి. లిస్టులో రాట్‌వీలర్ ఉంది, జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్ ఉన్నాయి. స్పిట్జ్ లేదు. లీష్ అన్న మాట ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ బాబు వాళ్ళమ్మ కూడా ఇదే అడిగారు, "మరి మా వాడికి జరిగింది మళ్ళీ జరక్కుండా ఏం చేశారు?" అని. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ లిస్టు ఎక్కడిదని అడిగితే, కేంద్ర ప్రభుత్వమే బ్యాన్ చేసిందని గ్రూపులో ఒక లెటర్ ఫార్వర్డ్ చేశారు. అది 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు రాసిన లెటర్. 23 జాతుల దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపమని అందులో ఉంది. ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది, అంతేగానీ ఇంట్లోంచి గెంటేయమని అనలేదు. మా బంగారికి ఆ ఆపరేషన్ ఎప్పుడో అయింది. పైగా, సంబంధించిన వాళ్ళను సంప్రదించకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న ఆ లెటర్‌ని కొట్టేసింది. అది మాత్రం గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్ అయితే ఆ 23లో అసలు లేనే లేవు, మన కమిటీ సొంతంగా కలిపింది.

జనరల్ బాడీలో మెజారిటీ ఓటు వేసింది కదా అంటున్నారు. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే అపార్ట్‌మెంట్ సంఘాలకు మార్గదర్శకాలు ఇచ్చింది: మెజారిటీ ఒప్పుకున్నా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘానికి లేదు, చిన్న కుక్క పర్వాలేదు పెద్ద కుక్క కూడదు అనడం కూడా కుదరదు. నిర్లక్ష్యంగా ఉండే యజమానిని పట్టుకోవడానికి చట్టం ఉండనే ఉంది. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోని వాళ్ళకు ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. అందులో జాతి పేరు ఒక్కటీ లేదు.

ఇంగ్లండ్‌లో కూడా బ్యాన్ ఉందిగా అన్నారొకాయన. ఉంది, 1991 నుంచి ఉంది. నాలుగు జాతులతో మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళు దాటాక కూడా మరణాలు ఆగక 2023 చివర్లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఇంకో రకాన్ని కలపాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ అయితే తన పిట్‌బుల్ నిషేధాన్ని తీసేస్తున్నట్టు 2008లో ప్రకటించింది. 2022లో సైన్స్ పత్రికలో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల మీద చేసిన అధ్యయనం వచ్చింది, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో చెప్పగలిగేది 9 శాతమే అని తేలింది. దాన్ని ప్రింట్ తీసి కమిటీకి ఇచ్చాను, చదివారో లేదో.

భయపడేవాళ్ళను నేను తప్పు పట్టను. పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దది, అది నిజం. అందుకే మేం ఎక్కువ జాగ్రత్త పడతాం. బంగారిని పొట్టి లీష్ మీద పెద్దవాళ్ళమే తీసుకెళ్తాం, పిల్లల చేతికి ఎప్పుడూ ఇవ్వం, పొద్దున ఐదున్నరకే వాకింగ్ ముగిస్తాం, లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే తర్వాతిది ఎక్కుతాం. మూతి బుట్ట కూడా అలవాటు చేశాం, గుడ్డది కాదు, నోరు తెరిచి రొప్పడానికి వీలుండే తీగ బుట్ట. కుక్కలు రొప్పితేనే ఒళ్ళు చల్లబడుతుంది, మన ఎండల్లో గుడ్డతో మూతి కట్టేస్తే ప్రాణానికే ముప్పు. మా ఫ్లోర్‌లో బామ్మగారికి కుక్కలంటే దడ. మొదట్లో మమ్మల్ని చూడగానే తలుపేసుకునేవారు. ఇప్పుడు "పట్టుకున్నావా అమ్మా?" అని అడిగి, "పట్టుకున్నాను బామ్మగారూ" అనగానే నడుచుకుంటూ వెళ్ళిపోతారు. ఆవిడకు కావలసింది ఆ ఒక్క భరోసా.

అదే అందరికీ రూల్‌గా పెట్టమని రాతపూర్వకంగా ఇచ్చాం. ఏ జాతైనా లీష్ తప్పనిసరి, టీకా వివరాలు ఏటా ఆఫీసులో, లీష్ లేకుండా దొరికితే జరిమానా, కరిచిన చరిత్ర ఉంటే ఆ కుక్కకు ప్రత్యేకంగా షరతులు. పదకొండు కుటుంబాలు సంతకాలు పెట్టాయి, అందులో కుక్కలు లేనివాళ్ళు నలుగురు. 30 రోజుల గడువు ఆపారు గానీ సర్క్యులర్ వెనక్కి తీసుకోలేదు. బంగారిని పంపే ప్రశ్నే లేదు, ఈ వయసులో అది ఎవరింటికి పోతుంది?

ఇక్కడైనా ఇంకెక్కడైనా చేరబోయేవాళ్ళు నోటిమాట నమ్మకండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు బైలాస్ (అసోసియేషన్ నియమాలు) కాపీ అడిగి తీసుకోండి, మీ కుక్క జాతి, వయసు, లైసెన్స్ నంబర్ రాసి, దానికి అసోసియేషన్ ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి. మేం ఆ పని చేయలేదు. సర్క్యులర్ తీసేసిన రోజున ఈ రివ్యూ మార్చి నాలుగు స్టార్లు ఇస్తాను.