సెక్టార్ 22 క్వార్టర్లో కాపురం: పేరు లె కార్బుజియేది, ఇల్లు ఇంకొకరిది

చండీగఢ్ అనగానే అందరి నోటా వచ్చేది ఆర్కిటెక్టు లె కార్బుజియే పేరే. 1951 నుంచి ఊరి ప్లాను, అసెంబ్లీ, హైకోర్టు, సెక్రటేరియట్ ఉన్న కాపిటల్ కాంప్లెక్సు ఆయన చేతి మీదుగా నడిచిన మాట నిజమే. కానీ మాలాంటి ఉద్యోగులు కాపురం ఉండే క్వార్టర్లు ఆయన గీసినవి కావు. ఆయనకు వరసకు తమ్ముడైన పియెర్ జాన్నరే, ఇంగ్లండు నుంచి వచ్చిన దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వాళ్ళ దగ్గర పనిచేసిన మన ఆర్కిటెక్టులు కలిసి గీశారు. జీతాన్ని బట్టి 13 రకాల ఇళ్ళు. సెక్టార్ 22లో అలాంటి ఒక వరసింట్లో ఏళ్ళ తరబడి ఉంటున్నాను. అద్దెకు దిగినవాడి లెక్కన చెబుతున్నాను తప్ప ఆర్కిటెక్చర్ చదువుకున్నవాణ్ణి కాను.

ఈ ఇంట్లో ముందు చెప్పాల్సింది మెట్ల దగ్గరున్న ఇటుక జాలీ. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఖాళీ వదిలి కట్టిన గోడ అది. వానాకాలంలో కరెంటు పోయినా మెట్ల మీద కూర్చుంటే గాలి ఆడుతూనే ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు మెట్ల మీద చదరాలు చదరాలుగా ఎండ పడుతుంది. అదే జాలీ జూన్‌లో వేడిగాలినీ దుమ్మునూ లోపలికి తెస్తుంది. ఇక జనవరి చలికి మూద్దామంటే దానికి తలుపా, రెక్కా? మా వరసలో సగంమంది చలికాలం రాగానే పాలిథీన్ షీటు కట్టేస్తారు. కొందరు ఏకంగా సిమెంటు పూసి పూడ్చేశారు. ఆ తర్వాత మే నెలలో ఉక్క అని గోల పెట్టేదీ వాళ్ళే.

ఆర్కిటెక్చర్ చదువుతున్న మా మేనల్లుడు వచ్చినప్పుడల్లా ఆ జాలీ ముందు నిలబడి ఫొటోలు తీస్తాడు. "ఇంత తక్కువ డబ్బుతో ఇంత అందం తేవడం మామూలు పనా మావయ్యా?" అంటాడు. "అందం సరేరా, ఆ సందుల్లో దుమ్ము నువ్వు తుడుస్తావా?" అంటుంది మా ఆవిడ. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వంటగది విషయంలో మాత్రం మా ఆవిడదే న్యాయం. ఒకరు పొయ్యి దగ్గరుంటే రెండో మనిషికి చోటుండదు. గ్రైండరు వెనక వరండాలో పెట్టుకున్నాం.

కుర్చీల సంగతికొస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. జాన్నరే పేరుతో చెప్పే ఆ టేకు కుర్చీలు, తిరగేసిన ఇంగ్లీషు V ఆకారంలో కాళ్ళు, కేన్ అల్లిక ఉన్నవి, ఇక్కడి ఆఫీసుల్లో గుమాస్తాలు కూర్చున్నవే. అల్లిక తెగితే బాగుచేయించే ఓపిక లేక వరండాల్లో పోగేసి, తుక్కు కింద వేలం వేశారు. అవే విదేశాల్లో వేలంపాటల్లో లక్షలు పలికాక, 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలు ఆపమంది. కుర్చీగా ఎలా ఉంటుందంటారా? బరువు, జరపాలంటే రెండు చేతులూ కావాలి. కేన్ వల్ల ఎండాకాలం వీపుకి చెమట పట్టదు. వెనక్కి వాలి మాట్లాడటానికి హాయి. బల్లమీద ఫైలు రాయాలంటే మాత్రం ముందుకు వంగక తప్పదు. అయినా ఇప్పుడొచ్చిన చక్రాల కుర్చీలకన్నా నాకదే ఇష్టం.

ఇక కాపిటల్ కాంప్లెక్సు. 2016లో యునెస్కో జాబితాకెక్కింది, దేశదేశాల నుంచి వచ్చి చూస్తారు. దూరం నుంచి అసెంబ్లీ చూస్తే నేనూ నోరు వెళ్ళబెట్టినవాణ్ణే. కానీ అసెంబ్లీకీ హైకోర్టుకీ మధ్య ఆ కాంక్రీటు మైదానంలో మే నెల మధ్యాహ్నం ఒకసారి నడిచి చూడండి. నీడకి చెట్టు దొరకదు. 254 మీటర్ల పొడవున్న సెక్రటేరియట్‌లో కిటికీల ముందు ఎండ ఆపడానికి కట్టిన కాంక్రీటు పలకలు నడినెత్తిన సూర్యుణ్ణి బాగానే ఆపుతాయి. కానీ ఆ పలకలే పగలంతా వేడెక్కి, సాయంత్రం తీరిగ్గా ఆ వేడిని వదులుతాయి. ఫొటోలో గంభీరంగా కనిపించే ఆ ముఖానికి ఏసీ డబ్బాలు వేలాడటం ఊరికే కాదు. ర్యాంపు మాత్రం గొప్పది. లిఫ్టు కోసం ఎదురుచూసే పనిలేకుండా మాట్లాడుకుంటూ పై అంతస్తుకి నడిచి వెళ్ళొచ్చు.

అమరావతి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళు చండీగఢ్‌ని ఉదహరిస్తారు. చూడటానికి వచ్చినవాళ్ళు కాపిటల్ కాంప్లెక్సు దగ్గర సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళలో ఒక్కరైనా చిన్న ఉద్యోగి క్వార్టరు గడప ఎక్కితే బాగుండు. బడి, బజారు, పార్కు నడిచి వెళ్ళే దూరంలో ఉండటం, పిల్లలు పెద్దరోడ్డు దాటకుండా బడికెళ్ళడం మా సెక్టార్లో రోజూ అనుభవించే సుఖం. ఊరికి వన్నె తెచ్చింది ఆ పెద్ద కట్టడాలే కావచ్చు, నా ఓటు మాత్రం ఈ ఇటుక ఇళ్ళకే.

ఇక్కడికి బదిలీ అయి, క్వార్టరు ఎంచుకునే వీలున్నవాళ్ళకి ఒక మాట: పడమటి గోడ ఉన్న చివరి ఇల్లు వద్దు, సాయంత్రాలు కాలిపోతారు. కింది అంతస్తుకైతే వెనక పెరడు వస్తుంది, వానాకాలం గోడ చెమ్మ కూడా. డాబా మీద పడుకునే అలవాటుంటే పై ఇల్లు అడగండి, దోమతెర తెచ్చుకోండి.