ఆనర్స్ నాలుగో ఏడాది చదివాక చెబుతున్నా: ఆ 12 క్రెడిట్ల కోసమైతే ఉండండి

మూడేళ్లకి డిగ్రీ తీసుకుని వెళ్లిపోవాలా, నాలుగో ఏడు కూడా ఉండాలా అని మా జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. పోయిన దసరాకి అడిగినవాళ్లతో కళ్లు మూసుకుని చేరిపోండి అన్నాను. ఇప్పుడు ఎనిమిదో సెమిస్టర్ కూడా అయిపోయింది కాబట్టి ఆ మాట కొంచెం సరిచేసుకోవాలి. నాది గుంటూరు, బీఎస్సీ కెమిస్ట్రీ. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు.

ఇంటర్న్‌షిప్పులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇవన్నీ అందరూ చేసినవే, వాటి జోలికి పోను. తెలుసుకోవాల్సింది ఒక్కటే, నాలుగో ఏడాదిలో రెండు దారులున్నాయి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన వచ్చినవాళ్లు కావాలంటే రీసెర్చ్‌తో ఆనర్స్ తీసుకోవచ్చు. వాళ్లకి 12 క్రెడిట్లు ఒక్క ప్రాజెక్టుకే. మిగతావాళ్లు ఆ 12 బదులు మూడు పేపర్లు చదువుతారు. కాగితం మీద రెండూ సమానంగానే కనిపిస్తాయి. నాకు మాత్రం నాలుగేళ్ల చదువూ ఒక ఎత్తు, ఆ ప్రాజెక్టు ఒక ఎత్తు.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, ఎండలో ఒకసారి తిప్పి చూసి రంగు ఎంతుందో చెప్పేస్తారు. ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుకీ బయట గోడౌన్‌లో ఉన్న సరుకుకీ రంగు ఎంత తేడా వస్తుందో నా ప్రాజెక్టుగా కొలుద్దామని మా గైడ్ సార్‌ని అడిగాను. అంతకు ముందు మూడేళ్లూ ప్రాక్టికల్స్‌లో జవాబు రికార్డులో ముందే ఉంటుంది, మనం దాని దగ్గరికి చేరితే మార్కులు. ఇక్కడ జవాబు సార్‌కీ తెలియదు. ఆ మాట ఆయనే చెప్పారు, విన్నప్పుడు నాకు భయం కూడా వేసింది.

పద్ధతి వినడానికి తేలిక. కాయ పొడి చేసి, దాదాపు 100 మిల్లీగ్రాములు తూచి, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఎసిటోన్ పోసి, మూత బిగించి 16 గంటలు చీకట్లో పెట్టాలి. తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, అంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే మిషన్‌లో, 460 నానోమీటర్ల దగ్గర రీడింగు తీసి 16.4తో గుణించి, తూచిన బరువు గ్రాముల్లో ఎంతో దానితో భాగిస్తే ఏఎస్‌టీఏ (అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్) విలువ వస్తుంది. ఎగుమతి చేసేవాళ్లు రంగుకి చూసేది ఈ అంకెనే. సాయంత్రం నాలుగున్నరకి పెడితే పొద్దున ఎనిమిదిన్నరకి తియ్యాలి, కాలేజీ గేటు తెరిచేది తొమ్మిదింటికి. ల్యాబ్ అటెండరు అన్న నా కోసం వారానికి రెండు రోజులు ఎనిమిదింటికే సైకిల్ మీద వచ్చి తాళం తీసేవాడు. ఆ అన్న లేకపోతే నాకీ ప్రాజెక్టే లేదు.

మార్చిలో ఆ స్పెక్ట్రోఫోటోమీటర్ లోపల ల్యాంప్ పోయింది. చిన్న వస్తువు, కొత్తది తెప్పిస్తే సరిపోతుంది. కానీ ఇండెంటు రాయాలి, కొటేషన్లు తేవాలి, సంతకాలు కావాలి, ఆఫీసులో ఎప్పుడడిగినా ఫైలు పైకి వెళ్లిందనేవాళ్లు. మూడు వారాలు గడిచాయి. మామూలు ప్రాక్టికల్ అయితే ఇంకో రోజు చేసుకుంటాం, నా సరుకు అలా కాదు, గోడౌన్ కాయలు రోజురోజుకీ రంగు దిగిపోతున్నాయి, నెలకి ఇన్నిసార్లు కొలుస్తానని ముందే రాసిచ్చాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. నాలుగో ఏడాదికి ఫీజు కట్టించుకుని, రీసెర్చ్ అని బోర్డు పెట్టి, ఒక ల్యాంపుకి మూడు వారాలు తిప్పడం నాకు ఇవాళ్టికీ మింగుడు పడదు.

సార్ తన స్నేహితుడితో మాట్లాడి విజయవాడలో ఇంకో కాలేజీ ల్యాబు అడిగి పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం పొడి పొట్లాలు నల్ల కాగితంలో చుట్టుకుని బస్సెక్కడం, అక్కడే తూచి ఎసిటోన్ పోసి పెట్టడం, రాత్రి సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్లింట్లో పడుకోవడం, శనివారం పొద్దున్నే రీడింగులు తీసుకుని ఇంటికి రావడం. ఇలా రెండు వారాలు. పిన్ని ఊళ్లో లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

ఒక ఆదివారం నాన్న ముందు పేపరు పరిచి ఎనిమిది శాంపిళ్లు పెట్టాను. తేజ, 334, 341 అనే మిర్చి రకాలు కలిపి, ఏది ఏసీదో ఏది గోడౌన్‌దో చెప్పలేదు. రంగు ఎక్కువ నుంచి తక్కువకి పేర్చమన్నాను. రెండు కాయలు విరిచి లోపల చూశారు, ఒకటి గోటితో గీరారు, అయిదు నిమిషాల్లో వరస పెట్టేశారు. నా అంకెలతో పోలిస్తే ఆరు సరిగ్గా ఉన్నాయి, రెండు తప్పు. తప్పని ఒప్పుకోలేదు నాన్న, ఆ రెండిట్లో చెమ్మ ఉంది చూడమన్నారు. నేను తేమ లెక్క తీసెయ్యకుండా పచ్చి బరువు మీదే భాగించాను. ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ లెక్కేస్తే ఒకటి నాన్న పెట్టిన చోటికే వచ్చి కూర్చుంది. రెండోది ఇప్పటికీ తేలలేదు, వైవాలో అదే చెప్పాను.

ఇక మిగతా సంగతి. తరగతిలో ఏడుగురమే, సార్లు పేరు పెట్టి పిలుస్తారు అని దసరాకి గొప్పగా చెప్పాను. అది నిజమే, కానీ ఏడుగురికీ గైడ్లు ఇద్దరే, వాళ్లకి కింది తరగతుల క్లాసులూ ఉంటాయి. ఏడో సెమిస్టర్ థియరీ పేపర్లు ఎక్కువగా నోట్సు చెప్పి రాయించారు. ఆనర్స్ చేస్తే పీజీ ఒక్క ఏడాదే అని కూడా అన్నాను. యూజీసీ అలా వీలు కల్పించిన మాట వాస్తవం, నేను కనుక్కున్న రెండు చోట్ల మాత్రం ప్రస్తుతానికి రెండేళ్ల కోర్సే ఉందన్నారు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతంతో పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది, నా ఆశ అదే.

నాకు ఇల్లు గుంటూరులోనే, హాస్టల్ ఖర్చు లేదు, శాంపిళ్లు నాన్నే తెచ్చారు, ఇంట్లో ఉద్యోగం తొందర పెట్టలేదు. మూడో ఏడాది కాగానే జీతం అవసరమైనవాళ్లని ఉండమని నేను చెప్పలేను. ప్రాజెక్టు వద్దు, మూడు పేపర్లు చాలనుకుంటే మరీ ఆలోచించుకోండి. ఉండాలనుకుంటే మాత్రం శాతం ఆరు సెమిస్టర్లకీ కలిపి చూస్తారు కాబట్టి ఐదో సెమిస్టర్‌లోనే లెక్క వేసుకోండి. చేరే ముందు ఒకసారి ల్యాబులోకి వెళ్లి, మీకు కావాల్సిన మిషన్ ఆన్ చేసి చూపించమని అడగండి.